అరవై ఆరు గదులు, ఒక కిటికీ

ఒక ఊళ్ళో అరవై ఆరు గదుల ఇల్లు ఉండేది. గదులు అన్ని ఉన్నా, వీధిలోకి కిటికీ మాత్రం ఒక్కటే. దేవుడి మాటలన్నీ ఆ గదుల్లో ఉండేవి. వాటిని వెతికి పెట్టడానికి ఆ ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది.

ఎవరైనా కిటికీ దగ్గరికి వచ్చి ఒక మాట అనేవాళ్ళు. "దీపం" అనో, "బావి" అనో. వెతికే అమ్మాయి రివ్వున లోపలికి పోయేది. ఆ మాట ఏ ఏ వచనాల్లో ఉందో అన్నీ చూసుకుని, అడిగినవాళ్ళు కండువా సర్దుకునే లోపల మళ్ళీ కిటికీ దగ్గర ఉండేది. ఒక్కొక్క వచనం వినిపించేది. చివర లెక్క చెప్పేది. లెక్కంటే ఆమెకు ప్రాణం.

"ముప్పై నాలుగు. ఇంతే," అనేది.

ఆ "ఇంతే" అనేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. పంక్తిలో ఆఖరి విస్తరిదాకా వడ్డించి, నడుం నిటారుగా చేసుకున్న మనిషి మొహంలా ఉండేది అది.

తెల్లవారగానే ఆమె ఇల్లంతా ఊడ్చేది. ఊడ్చేటప్పుడు అన్ని తలుపులూ బార్లా తెరిచేది. పొద్దున్నే వచ్చి అడిగినవాళ్ళ కోసం ఆ చివరి గది నుంచి ఈ చివరి గది దాకా గాలిలా తిరిగొచ్చేది.

చదువుకున్నవాళ్ళు మాత్రం మాటతో పాటు గది పేరు కూడా చెప్పేవాళ్ళు. ఊరి బోధకుడికి అది అలవాటు. "దర్శనాల గదిలో చూడమ్మా, మృగం అన్న మాట," అనేవాడు. అప్పుడామె మిగతా గదుల తలుపులన్నీ టపటపా మూసేసేది. తన పరుగు సంగతి తనకు తెలుసు. తెరిచి ఉంటే ఆ ఊపులో పక్క గదిలోకి దూరిపోతుంది. మూసేస్తే తప్పిపోయే భయం లేదు.

బోధకుడు విని, తల పంకించి, వెళ్ళిపోయేవాడు. తలుపులు మూసినవి మూసినట్టే ఉండేవి. పని అయ్యాక వాటిని తెరవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూసిన తలుపు ఆమె కంటికి గోడతో సమానం. తర్వాత వచ్చినవాళ్ళు ఏ మాట అడిగినా, తెరిచి ఉన్న ఆ ఒక్క గదిలో చూసుకొచ్చి, అదే వెలుగుతో "రెండు. ఇంతే," అనేది.

ఊళ్ళో గొడవ అక్కడ మొదలైంది.

"ఇదేం న్యాయమండీ పెద్దయ్యా?" అన్నాడు గాజులు అమ్మే ఆయన ఒకనాడు, గాజుల మలారం భుజం మీంచి దించుకుంటూ. "నిన్న మా ఆవిడ వచ్చి 'నెమ్మది' అని అడిగితే బుట్టెడు చెప్పిందట. ఇవాళ నేనడిగితే రెండే అంటుంది. ఆవిడకు అంత నెమ్మది దేనికి చెప్పండి? ఆవిడతో కాపురం చేసేవాణ్ణి, కావలసింది నాకు కదా!"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఆయన ఊరికి పెద్ద. రోజూ అందరికంటే ముందు, ఇంకా చీపురు చప్పుడు ఆగకముందే వచ్చి కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆయనకు ఎప్పుడూ పెద్ద లెక్కే వచ్చేది. ఎందుకు వస్తోందో చాలాకాలం ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చాడు.

"ఈ ఇల్లు మనిషిని తూస్తుందయ్యా," అన్నాడు. "లోపల ఎంత ఉంటే అంతే ఇస్తుంది."

"అంటే మా ఆవిడ కంటే నేను తక్కువ తూగానా?"

"నేనెక్కడ అన్నాను? ఇల్లే అంది."

ఆ మాట ఊరంతా పాకింది. జనం స్నానాలు చేసి రావడం మొదలుపెట్టారు. ఉపవాసం ఉండి వచ్చారు. పొరుగింటివాళ్ళ ఉతికిన పంచె అరువు తెచ్చుకుని వచ్చారు. మంచి లెక్క వచ్చినవాళ్ళు వీధిలో కాస్త నెమ్మదిగా, నలుగురూ చూసేలా నడిచి వెళ్ళేవాళ్ళు. ఒకటీ రెండూ వచ్చినవాళ్ళు సందులోంచి ఇంటికి పోయేవాళ్ళు. కొందరు రావడమే మానేశారు.

వెతికే అమ్మాయికి ఇదంతా చెవిన పడుతూనే ఉండేది. ఇల్లు అంత పెద్దది, తాను అందులో పరిగెత్తే పిల్ల. తూస్తుందేమో, తనకేం తెలుసు? ఎవరైనా ఆమెను నేరుగా అడిగి ఉంటే ఆలోచించేదేమో. కానీ కిటికీ దగ్గర జనం మాటలు అడగడమే గానీ, ఆమె సంగతి అడిగినవాళ్ళు లేరు.

ఆ ఊళ్ళో తుంగచాపలు అల్లే ఒకామె ఉంది. ఆమెకు చిన్న పాప. పాపను రోజూ పడుకోబెట్టేది నాయనమ్మ. ఆ వేళకు చాపలామె బయట అరుగు మీద, సంతకు ఇవ్వాల్సిన చాప అంచు కడుతూ ఉండేది. లోపల ముసలామె పాప పక్కన ఒరిగి ఒక వచనం చెప్పేది. రోజూ అదొక్కటే. అది వింటూ పాప నిద్రపోయేది.

నాయనమ్మ పోయింది. ఆ రోజు నుంచి పాపకు నిద్ర లేదు. కళ్ళు మూతపడుతుంటే ఉలిక్కిపడి లేచి, "నానమ్మ మాట చెప్పు," అనేది. ఏ మాటే అంటే "రెక్కలు" అనేది. అంతకు మించి చెప్పలేకపోయేది. అన్నం తింటూ కంచం మీదికి తూలేది, తూలగానే బెదిరి ఏడ్చేది. బుగ్గలు లోపలికి పోయాయి. ఎత్తుకుంటే, ఎండిన తుంగకట్టంత తేలిగ్గా అనిపించింది తల్లికి.

ఒక పొద్దున చాపలామె కిటికీ దగ్గరికి వచ్చింది. పెద్దాయన అప్పుడే అడిగి వెళ్ళాడు.

"తల్లీ, రెక్కలు," అంది.

వెతికే అమ్మాయి అన్ని గదులూ తిరిగొచ్చింది. పిల్లల్ని రెక్కల మీద మోసుకుపోయే గద్దను గురించి చెప్పింది. నాకే రెక్కలుంటే ఎక్కడికైనా ఎగిరిపోదునే అని ఏడ్చినవాణ్ణి గురించి చెప్పింది. రెక్కల నీడలో తలదాచుకున్నవాణ్ణి గురించి చెప్పేసరికి చాపలామె కిటికీ ఊచలు పట్టేసుకుంది.

"అదే! అదే అయ్యుంటుంది. ఇంకోసారి చెప్పు తల్లీ."

అమ్మాయి ఇంకోసారి చెప్పింది. చాపలామెకు చదువు రాదు. పెదాల మీద ఆ వచనాన్ని తిప్పుకుంటూ, నిండు బిందె తొణక్కుండా మోసుకుపోతున్నట్టు ఇంటిదారి పట్టింది. వీధి మలుపులో ఎవరిదో మేక ఆమె ఆరబెట్టుకున్న తుంగ నములుతూ కనిపించింది. "చచ్చినదానా, నీకు నా తుంగే దొరికిందా!" అని కేకేసింది. కేక అయ్యాక చూసుకుంటే పెదాల మీద ఏమీ లేదు. రెక్క ఒకటి, నీడ ఒకటి మిగిలాయి.

ఆ ముక్కలే పాపకు చెప్పింది. పాప చాలాసేపు ఎదురుచూసింది. "మొత్తం చెప్పమ్మా," అంది.

మర్నాడు పాపనే చంకనేసుకుని వచ్చింది. వచనం తన నోటితో మోసుకుపోయే బదులు పాప చెవులతోనే విని తెచ్చుకుంటుందని ఆమె ఆలోచన. కానీ పాపకు మొహం కడిగి, రెండు ముద్దలు తినిపించి బయల్దేరేసరికి ఎండ వీధిలోకి వచ్చేసింది. ఈలోగా బోధకుడు వచ్చి, దర్శనాల గదిలో ఏదో అడిగి వెళ్ళిపోయాడు. కిటికీ మెట్ల మీద పెద్దాయన, గాజులాయన కూర్చుని ఉన్నారు.

"వచ్చాం తల్లీ. నిన్నటి మాటే. రెక్కలు," అంది చాపలామె. పాపతో, "విను బంగారం, ఇప్పుడు నానమ్మ మాట వస్తుంది," అంది.

వెతికే అమ్మాయి వెళ్ళి వచ్చింది. ఒళ్ళంతా కళ్ళున్న జీవుల రెక్కల గురించి చెప్పింది. యుద్ధానికి ఉరికే రథాల్లా చప్పుడు చేసే మిడతల రెక్కల గురించి చెప్పింది. పాము తరుముతుంటే రెక్కలు తొడుక్కుని పారిపోయిన ఒకామె గురించి చెప్పింది.

"మూడు. ఇంతే."

పాప కెవ్వుమంది. తల్లి మెడను గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"ఇవి కాదు తల్లీ," అంది చాపలామె. "నిన్న చెప్పావే, నీడ అని... అది చెప్పు."

"రెక్కలు అన్నవి మూడేనమ్మా. ఇంతే ఉన్నాయి."

"నిన్న అన్ని చెప్పావు కదా?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కోపంగా ఏమీ కాదు, తెలిసినది చెప్పకపోతే తప్పన్నట్టు చెప్పాడు. "నిన్నటికీ ఇవాళ్టికీ నీలో ఏం తేడా వచ్చిందో చూసుకో అమ్మా. ఇల్లు ఊరికే తగ్గించి ఇవ్వదు."

చాపలామె అక్కడే నిలబడి వెతుక్కుంది. "మేకను తిట్టాను," అంది. "మా అత్తను కూడా..." అంది కాసేపటికి. "నా చాపలకు వంక పెట్టేది ఎప్పుడూ. అంచు వదులుందే, అంచు వదులుందే అని. ఒకసారి విసుగొచ్చి, నీ నోరు పడిపోనూ అన్నాను. నిజంగానే ఆఖర్న ఆమెకు మాట పడిపోయింది. దానికే అయ్యుంటుంది. నాకు ఇవ్వనంటే ఇవ్వకపోనీ, పాపేం చేసిందయ్యా?"

జవాబు కోసం ఆగలేదు. పాప తలను కొంగుతో కప్పుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమె వీధిలోంచి పోలేదు. సందులోంచి పోయింది.

వెతికే అమ్మాయి కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఇల్లు చాపలామెను తూచి తగ్గించింది అన్నారు. కానీ నిన్న ఆ వచనాలు చదివింది తానే. నిన్నటి లెక్క తనకు గుర్తుంది. అందులోంచి ఇవాళ్టి మూడూ తీసేసింది. మిగిలినవి ఏమయ్యాయి? వచనాలు తిని బతికేవాళ్ళెవరూ ఈ ఇంట్లో లేరు. ఇంట్లోంచి ఏదీ బయటికి పోదు. పోకపోతే లోపలే ఉండాలి. లోపలే ఉంటే తనకెందుకు కనపడలేదు?

ఆమె ఇన్నాళ్ళూ తెచ్చినవి లెక్కపెట్టుకుంది గానీ, తిరిగిన గదులను ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు లెక్కపెట్టింది. ఒకటి.

నడవలోకి వెళ్ళి నిలబడింది. అటు గోడ, ఇటు గోడ. ఒక గోడ మీద చెయ్యి పెట్టింది. చేతికి గడియ తగిలింది. అది తాను వేసిన గడియే.

ఆ క్షణంలో ఆమెకు చాపలామె ఒక్కతే గుర్తు రాలేదు. సందులోంచి వెళ్ళినవాళ్ళందరూ గుర్తొచ్చారు. వాళ్ళందరికీ తాను ఎంత సంతోషంగా "ఇంతే" అని చెప్పిందో గుర్తొచ్చింది.

తలుపులన్నీ తెరిచింది. ఊడ్చే వేళ కాదు, అయినా తెరిచింది. ఆ తలుపుల చప్పుడు వీధిలోకి వినిపించింది. కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఇంతకు ముందు ఎప్పుడూ చేయని పని చేసింది. తానే పిలిచింది.

"అయ్యా, గాజులాయనా! ఒక పని చేసి పెడతారా?"

గాజులాయన వెనక్కి తిరిగి చూశాడు. "నన్నే? మేం నిన్ను అడగడమే గానీ, నువ్వు మమ్మల్ని అడగడం ఎక్కడైనా ఉందా?"

"ఇందాకటి ఆమెను పిలుచుకురండి. నేను ఇంతే అన్నాను. ఆ మాట తప్పు. ఒక్క గదిలోనే చూశాను. మిగతా తలుపులు నేనే వేసుకుని, అవి గోడలనుకున్నాను."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఏమంటున్నావమ్మా నువ్వు? మరి ఇల్లు తూచేది?"

"ఈ ఇంట్లో త్రాసు లేదండీ. అరవై ఆరు గదులూ నాకు తెలుసు. ఎక్కడా లేదు."

"మరి నాకు రోజూ అంత లెక్క..."

"మీరు నేను ఊడ్చే వేళకు వస్తారండీ. అప్పుడు తలుపులన్నీ తెరిచే ఉంటాయి."

గాజులాయనకు నవ్వు రాబోయింది. పెద్దాయన మొహం చూసి మింగేసుకున్నాడు. మలారం అక్కడే వదిలేసి చాపలామె ఇంటివైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

పెద్దాయన మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"మా ఇంటావిడ ఒకసారి మధ్యాహ్నం పూట వచ్చింది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ఒక్కటే వచ్చింది ఆవిడకు. ఆ రోజు ఇంటికెళ్ళి నేను ఆవిడతో, నీ తూకం ఇంతేనా అని..."

ఆపేశాడు.

గాజులాయన ఒక్కడే తిరిగొచ్చాడు.

"రానంటుందమ్మా. ఒకసారి తూచింది చాలు, పాప ముందు రెండోసారి తూయించుకోలేనంది. తూచే పనే లేదట, తలుపు వేసి ఉందంతే అని చెప్పాను. నన్ను ఓదార్చడానికి చెబుతున్నావులే అంది. నేను ఏం చెప్పినా సరసమే అనుకుంటారు, ఇదీ నా బతుకు."

వెతికే అమ్మాయి ఊచలు పట్టుకుంది. ఈ ఇంట్లో ఆమె ఎక్కడికైనా క్షణంలో పోగలదు. కిటికీ అవతల నాలుగు అడుగుల దూరం మాత్రం ఆమెవల్ల కాదు.

అప్పుడు పెద్దాయన లేచాడు. పై కండువా మెట్టు మీదే మర్చిపోయి వెళ్ళాడు. చాపలామె గుమ్మంలో ఆయన ఏం చెప్పాడో కిటికీకి వినపడలేదు. చాలాసేపే పట్టింది. ఎండ మెట్లు దిగి వీధి మధ్యకు వచ్చాక, ఆ చివర ముగ్గురు కనిపించారు. పాప పెద్దాయన చంకన ఉంది. ఆయన మీసం వైపు అనుమానంగా చూస్తూ ఉంది.

చాపలామె కిటికీ ముందు నిలబడింది. ఈసారి ఊచలు పట్టుకోలేదు.

"రెక్కలు," అంది, వినపడీ వినపడనట్టు.

వెతికే అమ్మాయి పరిగెత్తింది. ప్రతి గది గుమ్మం దాటేటప్పుడూ మనసులో గదిని కూడా లెక్కపెట్టుకుంది. వచ్చి, మెత్తని వచనాలు ముందూ, భయపెట్టేవి తర్వాతా వచ్చేలా పేర్చుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"గద్ద..."

పాప తల అడ్డంగా ఊపింది.

"నీడ..." చాపలామె పాప మొహంలోకి ఆశగా చూసింది.

"కాదు," అంది పాప.

కోడి తన పిల్లల్ని రెక్కల కిందికి చేర్చుకునే మాట చెప్పింది. పాప ఆగి వింది. "కోడి బాగుంది," అంది. "కానీ కాదు."

ఒక్కొక్కటే అయిపోతూ వచ్చింది. వెతికే అమ్మాయి గొంతు మెల్లగా, ఇంకా మెల్లగా అయింది. చివరి వచనం దాకా వచ్చింది. పాప దానికీ తల అడ్డంగానే ఊపింది.

ఇప్పుడు "ఇంతే" అనాలి. ఈ మాట ఎన్నిసార్లు అన్నదో, ఇవాళే బరువుగా ఉంది. అది అంటే ఈమె మళ్ళీ సందులోంచే వెళ్ళిపోతుందేమో. నీడ అన్న వచనమే మీ అత్త చెప్పింది, పాప మర్చిపోయింది అనొచ్చు. ఎవరూ కాదనరు. పెద్దాయన కూడా కాదనడు.

"అరవై ఆరు గదులూ చూశానమ్మా," అంది అమ్మాయి. "ఒక్క తలుపు కూడా మూసి లేదు. మీ అత్తగారు చెప్పిన మాట ఈ ఇంట్లో లేదు."

"లేదా?" అంది చాపలామె. "నాకు లేదా, ఎవరికీ లేదా?"

"ఎవరికీ లేదమ్మా. ఇక్కడ లేదు."

"అయితే మా అత్త రోజూ దీనికేం చెప్పింది?"

అమ్మాయికి తెలియదు. తెలియనప్పుడు ఏం చేయాలో కిటికీకి అవతల ఉన్నవాళ్ళ దగ్గరే నేర్చుకుంది ఆమె. వంగి, పాప కళ్ళకు తన కళ్ళు ఎదురుగా వచ్చేలా చూసుకుని, అడిగింది.

"పాపా, నానమ్మ మాటలో రెక్కలు ముందు వస్తాయా, తర్వాతా?"

పాప ఆలోచించింది. "తర్వాత," అంది. "ముందు 'కింద' వస్తుంది."

"కింద ఏముంటుంది?"

"నానమ్మ ఇలా అంటుంది." పాప పెద్దాయన చంకనుంచి వంగి, చేత్తో గాలిలో తట్టింది, నేలను తడుతున్నట్టు. "చాప అంటుంది."

చాపలామె ఒక అడుగు ముందుకు వచ్చింది.

"ఎవరి చాప?" అంది.

"నీదేగా," అంది పాప, ఇది కూడా తెలియదా అన్నట్టు. చెయ్యి ఊరికే ఉండలేదు. కింద తట్టిన చెయ్యి పైకెత్తి తల మీద గొడుగులా పట్టింది. ఆ చెయ్యి అక్కడికి చేరగానే మిగతాదంతా దానంతటదే నోట్లోకి వచ్చేసింది.

"కింద మీ అమ్మ చాప. పైన దేవుడి రెక్కలు. నడుమ నువ్వు. ఇంకేం భయం, పడుకో."

చెప్పేసి, పాప అందరి వైపూ చూసింది. "అంతే," అంది.

చాపలామె మెట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గాజులాయనకు తెలియలేదు.

"నా చాపంట," అంది. "నా ఎదురుగా ఒక్కనాడు ఒక్క మంచి మాట అనలేదు. అరుగు మీద కూర్చుని నేను అంచు కడుతుంటే... లోపల రోజూ... దేవుడి రెక్కల పక్కన పెట్టిందంట అన్నా, నా చాపని!"

"అంచు వదులుగా ఉన్నా పెట్టిందంటే చూసుకో అక్కా," అన్నాడు గాజులాయన. ఈసారి అది సరసం అని ఎవరూ అనుకోలేదు.

"ఇటివ్వండి పెద్దయ్యా," అని ఆమె చేతులు చాచింది. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒక చేత్తో మెట్టు రాయిని తట్టి, అదే చెయ్యి పాప తల మీద పెట్టి, అత్త మాటను అత్త పలికినట్టే పలకాలని చూసింది. మొదటిసారి తడబడింది. పాప సరిదిద్దింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. మూడోసారి చెప్పేటప్పుడు సరిదిద్దేవాళ్ళు లేరు. పట్టపగలు, వీధి మధ్య, పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

వెతికే అమ్మాయి ఆ వచనాన్ని ఏ గదిలో పెట్టాలా అని చూసింది. ఏ గదిలోనూ దానికి చోటు లేదు. లెక్కలో కలపడానికి లేదు. లెక్కలో లేదు కాబట్టి వదిలేయడానికీ మనసు రాలేదు. కిటికీ దగ్గరే ఉంచుకుంది.

ఆ తర్వాత ఆమె "ఇంతే" అనడం మానలేదు గానీ, దానికి ముందు ఒక మాట చేర్చడం నేర్చుకుంది. బోధకుడికి వచనాలు చెప్పి, "ఈ గదిలో ఇంతే అండీ," అంటే, ఆయన నడుస్తున్నవాడల్లా ఆగి, "ఎప్పుడూ ఇలా అనలేదే నువ్వు," అన్నాడు. ఆయన వెళ్ళగానే తలుపులు తెరిచేది. ఎవరు ఎప్పుడు వచ్చినా ఒక మాటకు ఒకే లెక్క రావడం మొదలైంది.

"ఊళ్ళో గొప్పలు చెప్పుకోవడానికి ఏం మిగల్లేదు," అని గాజులాయన వాపోయాడు. "మా ఆవిడా నేనూ సరిసమానమైపోయాం. మునుపే నయం, తక్కువవాణ్ణని నన్ను జాలిగా చూసేది."

పెద్దాయన మాత్రం కొన్నాళ్ళు రాలేదు. ఒక రోజు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని ఎండలో వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాట అడగలేదు.

"ఏ మాట చూడమంటారండీ?" అంది వెతికే అమ్మాయి.

"మాట తెలియదమ్మా. ఆ ముసలామె పాపకు ఒక మాట కట్టి పెట్టింది చూడు, అలాంటిది. నా కోసం ఎవరైనా ఎప్పుడైనా అలాంటిదొకటి అని ఉంటారా? అది చూసి చెబుతావా?"

అమ్మాయి లోపలికి వెళ్ళలేదు. ఇంత పెద్ద ఇంట్లో ఏది ఎక్కడ వెతకాలో ఆమెకు బాగా తెలుసు. ఇది ఇక్కడ వెతికేది కాదని కూడా తెలుసు.

"ఈ ఇంట్లో నేను చూస్తానండీ, మీరు అడగాలే గానీ. అన్ని గదులూ చూస్తాను," అంది. "మీ ఇంట్లో మీరు అడిగారా?"

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. తర్వాత వీధి వైపు చూశాడు. మెట్లు దిగాడు.

ఇంటికి వెళ్ళి, వంటగది గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల ఆయన ఇంటావిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆవిడకు ఆయన అడుగుల చప్పుడు తెలుసు. తిరిగి చూడలేదు. చూసి ఎన్నాళ్ళైందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు: "ఆ రోజు నేనన్నది తప్పు."

ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి, చేతులు తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.